మైనస్ మూడు

నర్సీపట్నం,
6 అక్టోబరు 2024

ఏమే దుర్గా,

నీ పెట్టె కొండెక్కింది. తుమ్మలగరువు ఇంకా రెండు మలుపులుందనగా జీపు బురదలో దిగబడింది. మా ఆసుపత్రి వాచ్‌మన్ లచ్చన్న ఊళ్లోకి వెళ్లి ఏడుగురిని పిలుచుకొస్తే, దుంగలకు కట్టి మోసుకొచ్చారు. దించాక లచ్చన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఏటమ్మా ఇంత బరువు? లోపల ఇనప దేవుడున్నాడేటి?" అన్నాడు. అయస్కాంతం ఉందన్నాను. "అయస్కాంతం సల్లగా సేత్తాదా?" అని అడిగాడు. నాకు జవాబు తెలియలేదు. నువ్వే రాయి, చదివి వినిపిస్తాను.

నువ్వు పంపిన ఇంజనీరు పైకప్పు మీద సోలార్ పలకలు, గదిలో రాత్రికి సరిపడా బ్యాటరీలు బిగించి, ఏ మీట దేనికో చూపించి, సాయంత్రానికి దిగిపోయాడు. కంప్రెసర్ లేదు, గ్యాసు లేదు. చెవి ఆనిస్తే నీళ్లు పారుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. పక్కనే మా పాత ఫ్రిజ్ లారీలా మోగుతోంది.

ఉష్ణోగ్రతలు రాసిన కాగితాలు అసలువే కావాలన్నావు కదా. కొండ మీద సిగ్నల్ లేదు. ఆదివారం మా అమ్మాయి సాయిప్రియ కోసం ఇంటికి దిగినప్పుడు కవరులో పెట్టి, సోమవారం పొద్దున్నే పోస్టు చేసి మళ్లీ ఎక్కుతాను. ఒట్టి కాగితాలు పంపడానికి మనసు రాక ఈ ఉత్తరం. ఇంటర్‌లో ఒకే బెంచీ మీద కూర్చుని ఫిజిక్స్ పరీక్షకు ఇద్దరం ఏడ్చాం. నువ్వు ఏడుపు ఆపి అయస్కాంతాల్లో డాక్టరేట్ తెచ్చుకున్నావు. నేను సూదులు పట్టుకున్నాను. ఇరవై రెండేళ్ల తర్వాత నీ పనీ నా పనీ ఒకే గదిలోకి వచ్చాయి. నాకు చాలా గర్వంగా ఉందే.

నీ
కళ


హైదరాబాద్,
15 అక్టోబరు 2024

ప్రియమైన కళా,

లచ్చన్నకు ఇలా చెప్పు. లాంథనం, ఇనుము, సిలికాన్ కలిపి చేసిన ఒక లోహం ఉంది. అయస్కాంతం దగ్గరికి తెస్తే వెచ్చబడుతుంది, దూరం చేస్తే చల్లబడుతుంది. వెచ్చబడినప్పుడు ఆ వేడిని నీళ్లతో కడిగి బయటికి పంపేస్తాం. చల్లబడినప్పుడు ఆ చలిని పెట్టెలోకి తోస్తాం. రోజంతా ఇదే పని. చిక్కేమిటంటే, ఏ లోహమైనా ఒక్క ఉష్ణోగ్రత దగ్గరే ఈ పని బాగా చేస్తుంది. దానికి హైడ్రోజన్ పట్టించి ఆ ఉష్ణోగ్రతను మనకు కావలసిన చోటికి జరుపుకోవచ్చు. నా పదకొండేళ్లూ ఆ జరపడంలోనే గడిచాయి. నీ పెట్టెలో పన్నెండు పొరలున్నాయి. మొదటిది అయిదు డిగ్రీల దగ్గర, చివరిది ముప్పై ఎనిమిది దగ్గర పనిచేస్తాయి. ఒకటి అందించిన చలిని ఇంకొకటి అందుకుంటుంది.

రెండు నియమాలు. పరీక్ష పూర్తయ్యేవరకు లోపల నీళ్ల సీసాలు తప్ప మందులు పెట్టకూడదు. పెట్టెను రోజుల తరబడి ఆపి ఉంచకూడదు.

మార్చిలో కమిటీ కూర్చుంటుంది. అప్పటికి నీ కాగితాల మీద రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య అంకెలు కనపడితే ఇంకో పన్నెండు కొండ ఊళ్లకు పెట్టెలు వెళ్తాయి. కనపడకపోతే మా విభాగమే ఉండదు. నీ చేతిరాత గుండ్రంగా ఉంటుందని ఎప్పుడూ ఏడిపించేదాన్ని. ఇప్పుడు దాన్నే నమ్ముకున్నాను.

నీ
దుర్గ


నర్సీపట్నం,
8 డిసెంబరు 2024

దుర్గా,

తుపాను సంగతి టీవీలో చూసే ఉంటావు. మాకు పదకొండు రోజులు సూర్యుడు కనపడలేదు. కరెంటు స్తంభాలు పడిపోయాయి. నీ పెట్టె కూడా ఆగిపోయింది. ఆపవద్దన్నావు, కానీ మబ్బును నేనేం చేయను? గది పది డిగ్రీలకు పడిపోయింది. పేషెంట్లు లోపలికి రాకుండా లచ్చన్న పెట్టిన కుంపటి చుట్టూ కూర్చున్నారు. ఎండ రాగానే పెట్టె తనంతట తానే తిరగడం మొదలుపెట్టింది. మరునాటికి అయిదు డిగ్రీలు.

మా పాత ఫ్రిజ్‌కి ఆ అదృష్టం లేదు. కరెంటు వచ్చిన పూటే ఓల్టేజీ ఎగిరి కంప్రెసర్ కాలిపోయింది. కొత్తది ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. టీకాలు ఇప్పటికి ఐసు పెట్టిన క్యారియర్‌లో నర్సీపట్నం దింపాను. కానీ పద్దెనిమిదో తేదీ బుధవారం పై ఊళ్ల పిల్లలు వస్తున్నారు. కొందరికి ఇంతవరకు ఒక్క సూదీ పడలేదు. కంఠసర్పి అనే డిఫ్తీరియాకీ, కోరింత దగ్గుకీ, ధనుర్వాతానికీ వేసే టీకాలవి. ఆ రోజుకి పొద్దున్నే టీకాలు పైకి చేర్చే దారి లేదు. రోడ్డు రెండు చోట్ల తెగింది. ముందుగా తెచ్చి పైనే ఉంచాలి.

నీ పెట్టెలో పెట్టనా? నిజం చెప్పు. నువ్వు వద్దంటే వద్దు. ఆ పిల్లల్ని ఇంకో నెల ఆగమంటాను.

కళ


హైదరాబాద్,
12 డిసెంబరు 2024

ప్రియమైన కళా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నియమం ప్రకారం వద్దనే రాయాలి. కానీ అక్కడ పిల్లలు ఉన్నారని తెలిసి, పక్కనే అయిదు డిగ్రీల పెట్టె ఉంచుకుని, వద్దని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. నీకు పందొమ్మిదేళ్ల అనుభవం ఉంది. ఏం చేయాలో నీకే బాగా తెలుసు. నీ విచక్షణకు వదిలేస్తున్నాను.

ఒకవేళ పెడితే, కాగితాల్లో ఆ సంగతి రాయకు. రోజూ రెండుసార్లు చూస్తున్నావు కదా, అది చాలు.

ఇక్కడ పని ఒత్తిడి ఎక్కువగా ఉంది. ప్రయోగశాలలో కొన్ని పొరలు మళ్లీ చేసుకోవలసి వస్తోంది. అవన్నీ నీకెందుకులే.

నీ
దుర్గ


నర్సీపట్నం,
2 ఫిబ్రవరి 2025

దుర్గా,

కాగితాలతో పాటు, పెట్టెలో గంటగంటకూ ఉష్ణోగ్రత తనంతట తానే నమోదు చేసుకునే రికార్డు కార్డు కూడా పంపుతున్నాను. ఇంజనీరు చెప్పినట్టే తీసి, రెండోది పెట్టాను. పొద్దున తొమ్మిదికి నాలుగు, సాయంత్రం నాలుగింటికి ఆరు. ఎప్పుడు చూసినా అంతే. ఈ ఏడు చలి మాత్రం దారుణంగా ఉంది. తెల్లారేసరికి గడ్డి మీద మంచు గడ్డకడుతోంది.

అరవై ఒక్క మంది పిల్లలకు రెండేసి డోసులు పడ్డాయి. వచ్చే బుధవారం కాక పై బుధవారం మూడోది. వీళ్లలో సోమలమ్మ కూతురు మంగ కూడా ఉందని నీకు చెప్పాలి. సోమలమ్మది తుమ్మలగరువుకి పైన ఆఖరి ఊరు. సూదంటే జ్వరమొస్తుందని మంగ పుట్టినప్పటి నుంచీ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నేను మూడుసార్లు నడిచి వెళ్లాను. మూడోసారి ఆమె నా కాళ్లకున్న జలగలు పీకుతూ, "ఇన్నిపాల్లు ఒచ్చినావంటే అందల ఏదో మంచే ఉంటాది. అలగే, తెత్తాన్లే" అంది. కడుపుతో ఉండి కూడా కొండ దిగి మాట నిలబెట్టుకుంది. మంగకు రెండేళ్లు. సూది పడగానే ఏడవకుండా నా చెంప మీద ఒక్కటిచ్చింది. గది గదంతా నవ్వారు. ఇప్పుడు నన్ను చూస్తే "సూదమ్మా" అని పిలిచి పరిగెత్తి దాక్కుంటుంది.

మీ కమిటీ వాళ్లకి మంగ చేతి దెబ్బ గురించి కూడా చెప్పు.

నీ
కళ


హైదరాబాద్,
20 ఫిబ్రవరి 2025

కళా,

కార్డు అందింది. పని బాగుంది. నీకు కృతజ్ఞతలు.

ఇక మీదట పెట్టెలో నీళ్ల సీసాలు మాత్రమే ఉంచు. టీకాలు ఉంటే వెంటనే కిందికి పంపించేయి. ఎందుకని అడగకు, కమిటీ ముందు నియమాలు సరిగా ఉన్నట్టు కనపడాలి. అంతకుమించి ఏమీ లేదు.

సాయిప్రియను అడిగానని చెప్పు.

దుర్గ


నర్సీపట్నం,
22 జూన్ 2025

దుర్గా,

మంగ చనిపోయింది.

సోమవారం ఉదయం సోమలమ్మ భుజాన వేసుకుని దిగింది. నాలుగు రోజులుగా జ్వరం, మింగలేకపోతోందంది. నోరు తెరిపించి చూస్తే గొంతులో బూడిదరంగు పొర కట్టి ఉంది. మెడ వాచి గడ్డంతో కలిసిపోయింది. అది కంఠసర్పి. పుస్తకంలో చదివాను గానీ కళ్లతో ఎప్పుడూ చూడలేదు. విరుగుడు మందు మా దగ్గర లేదు, విశాఖ నుంచి రావాలి. జీపులో నర్సీపట్నం బయలుదేరాం. ఘాట్ సగం దిగాక ఊపిరి ఈల వేసినట్టు రావడం మొదలైంది. నన్ను గుర్తుపట్టింది. చెయ్యి ఎత్తబోయింది, ఎత్తలేకపోయింది. మధ్యాహ్నం పన్నెండున్నరకు సోమలమ్మ ఒళ్లోనే పోయింది. అప్పటికి ఇంకా ఘాట్ దిగలేదు.

సోమలమ్మ ఏడవలేదు. జీపు ఆపించి, కొంగున కట్టుకున్న టీకాల కార్డు విప్పి నా ముందు పెట్టింది. "మూడు సూదులూ ఏయించాను కదమ్మా. నువ్వే ఏసినావు. నువ్వే రాసినావు. మరేటయిపోయినాది?" అంది. అది నా చేతిరాతే, దుర్గా. మూడు తేదీలు, మూడు సంతకాలు.

విచారణ మొదలైంది. అదే బ్యాచ్ టీకా వేసిన కింద ఊళ్ల పిల్లలందరూ బాగున్నారు. మందులో లోపం లేదని తేలింది. కాబట్టి నేను సూది వేయకుండానే కార్డు నింపానని అంటున్నారు. సస్పెండ్ చేశారు. ఊళ్లో కూడా ఆ మాటే పాకింది. నిన్న సంతలో తుమ్మలగరువు బుల్లమ్మ నన్ను చూసి తన మనవరాలిని వెనక్కి లాక్కుంది.

ఒకే ఒక్క మాట అడుగుతున్నాను. నీ పెట్టె గురించి నాకు తెలియనిది ఏమైనా ఉందా?

కళ


హైదరాబాద్,
1 జూలై 2025

కళా,

జరిగింది తెలిసి చాలా బాధ కలిగింది.

పరికరంలో మందులు ఉంచకూడదని అక్టోబరు 15 నాటి ఉత్తరంలో స్పష్టంగా రాశాను. నువ్వు పంపిన కాగితాల్లో ఎక్కడా రెండుకు తక్కువ గానీ, ఎనిమిదికి ఎక్కువ గానీ లేదు. పరికరం నుంచి వచ్చిన రికార్డులు సంస్థవి. కమిటీ అనుమతి లేకుండా ఎవరికీ ఇవ్వడం కుదరదు. కమిటీ ఇప్పుడు పన్నెండు పరికరాలకు ఆమోదం తెలిపింది, ఈ దశలో తొందరపడి ఏమీ చెప్పలేను.

నీ ఆరోగ్యం జాగ్రత్త.

వెంకటదుర్గ


నర్సీపట్నం,
6 జూలై 2025

డాక్టర్ వెంకటదుర్గ గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు అక్టోబరులో రాసిన ఉత్తరం నా దగ్గరుంది. డిసెంబరులో రాసినదీ ఉంది.

నా వంతు నేను ముందు చెప్పేస్తాను. జనవరి తొమ్మిదో తేదీ ఉదయం పెట్టె తెరిస్తే నీళ్ల సీసాలో ఏదో గలగలమంది. ఎత్తి చూశాను. లోపల మంచు పలుకులు. థర్మామీటరు నాలుగు చూపించింది. ఈ టీకా గడ్డకడితే చచ్చిపోతుందని ఏళ్ల తరబడి కొత్త నర్సులకు పాఠం చెప్పినదాన్ని. కరిగాక చూడటానికి మామూలుగానే ఉంటుంది. సీసాలు ఊపి, పక్కపక్కన నిలబెట్టి, అడుగుకు మడ్డి ఎంత త్వరగా దిగుతుందో అరగంట చూడాలి. నేను ఒక్క సీసా ఊపి, రెండు నిమిషాలు చూసి, బాగానే ఉందనుకున్నాను. పారబోస్తే పిల్లలకు ఎప్పటికి దొరుకుతాయో తెలియదు. సోమలమ్మ మళ్లీ వస్తుందో రాదో తెలియదు. పైగా అది మీ పెట్టె. మీరు చేసింది తప్పుగా పనిచేస్తుందని అనుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. మీకు కూడా రాయలేదు.

ఇదంతా విచారణ అధికారికి రాసి ఇచ్చాను. ఆయన చదివి, "తొమ్మిదింటికి నాలుగు డిగ్రీలని నువ్వే రాశావు. ఇప్పుడు గడ్డకట్టిందంటావు. నీ ఏ మాట నమ్మమంటావు?" అన్నారు. ఆయన అడిగిందాంట్లో తప్పు లేదు.

మంగ కాక ఇంకో అరవై మంది ఉన్నారు. వాళ్ల కార్డులన్నీ నిండి ఉన్నాయి కాబట్టి మళ్లీ వేయనక్కర్లేదని అంటున్నారు. మొన్న ఇద్దరికి గొంతునొప్పి మొదలైంది. వాళ్లకి సకాలంలో మందు పడింది, బతికారు. మిగతా వాళ్ల సంగతి మీ దగ్గరున్న పెట్టె రికార్డు కార్డులో ఉంది. నా ఉద్యోగం కోసం అడగడం లేదు. నాకు అది వద్దు కూడా. ఆ అరవై మందికీ పడింది ఒట్టి నీళ్లేనని రుజువు చేయగలిగేది మీరొక్కరే.

ఇట్లు
కె. కళావతి


హైదరాబాద్,
13 జూలై 2025

కళావతికి,

ఈ ఉత్తరంతో పాటు ఉన్న పద్నాలుగు పేజీలు నిన్ననే జిల్లా వైద్య అధికారులకూ, విచారణ అధికారికీ, మా కమిటీకీ పంపాను. ఈ ప్రతి నీది.

మొదట నవంబరు సంగతి. నీ పెట్టెలోని పొరలకు జతగా చేసిన పొరలు ఇక్కడ అలమారలో ఉండేవి. మూడు వారాలు కదలకుండా ఉన్నాక తీసి కొలిస్తే చల్లని వైపు పొరలు నేను జరిపిన చోట లేవు. లోహం తను పనిచేసే ఉష్ణోగ్రత దగ్గరే ఊరికే పడి ఉంటే అందులోని హైడ్రోజన్ రెండు గుంపులుగా విడిపోతుంది. ఒక గుంపు వేడి వైపు జరుగుతుంది, ఇంకొకటి ఇంకా చల్లని వైపు. ఆ రెండో గుంపు వల్ల చలి ఎక్కువైన వేళ పెట్టె సున్నాకు దిగువకు పోతుంది. ఆపి ఉంచవద్దని నియమం పెట్టినప్పుడు అది అనుమానమే. నవంబరు ఆఖరుకి అది నిజమని తెలుసు. తుపానులో పదకొండు రోజులు పది డిగ్రీల గదిలో ఆగిందని నువ్వు రాయగానే నీ పెట్టెలో ఏం జరిగి ఉంటుందో నాకు అర్థమైంది. నువ్వు నిజం చెప్పమన్నావు. నేను నీ విచక్షణకు వదిలేశానని రాశాను. ఆ మాట ఎందుకు రాశానో నీకు తెలుసు. ఏదైనా జరిగితే నేను పెట్టమనలేదని చెప్పుకోవడానికి.

ఇక కార్డు. డిసెంబరు పదహారు నుంచి జనవరి ఆఖరు వరకు ఇరవై మూడు రోజులు, తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడు వరకు పెట్టె లోపల సున్నాకు దిగువన ఉంది. అన్నిటికంటే తక్కువ మైనస్ మూడు. నువ్వు తొమ్మిదింటికి చూసేసరికి గది వెచ్చబడి నాలుగుకు వచ్చేది. నీ కాగితంలో అబద్ధం లేదు.

కార్డును నేను ఫిబ్రవరి పదో తేదీ మధ్యాహ్నం చూశాను. పన్నెండున నువ్వు మూడో డోసు వేశావు. సాయిప్రియ నంబరు నా ఫోన్లో ఉంది. ఆమెకు ఒక్క మాట చెబితే ఎవరితోనైనా కొండ మీదికి కబురు పంపేది. నేను పది రోజులు ఆగి, కారణం చెప్పకుండా ఉత్తరం రాశాను. ఆ పది రోజులూ కమిటీకి చూపించవలసిన పటాలు గీస్తూ కూర్చున్నాను. తెల్లవారుజాము గంటలు తీసేసి, నీ రెండు పూటల అంకెలతో గీశాను.

పెట్టెల ఆమోదం ఆగిపోయింది. నన్ను ప్రయోగశాలకు రావద్దన్నారు. అది నీ జాలి కోసం రాయడం లేదు, నీకు తెలియాలి కాబట్టి రాశాను.

నన్ను క్షమించమని అడిగే ధైర్యం లేదు.

దుర్గ


నర్సీపట్నం,
10 ఆగస్టు 2025

దుర్గా,

నీ పేజీలు వచ్చిన నాలుగో రోజుకి ఆ అరవై మందికీ మళ్లీ టీకాలు వేయమని ఆర్డరు వచ్చింది. గత వారం తుమ్మలగరువులో క్యాంపు పెట్టారు. సూది వేయకుండా రాశానన్న మాట తీసేశారు. గడ్డకట్టిన సంగతి దాచినందుకు సస్పెన్షన్ అలాగే ఉంది. అది న్యాయమే. సూది పట్టుకునే హక్కు లేదు కాబట్టి నేను ఊరూరూ తిరిగి పిల్లల్ని పిలుచుకొచ్చే పని చేశాను. లచ్చన్న నాతో నడిచాడు.

మొదట రావడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఒక ఊళ్లో గంగులు అనే పెద్దాయన గుమ్మానికి అడ్డంగా నిలబడి, "అప్పుడు ఏసింది నీళ్లంటన్నావు. ఇప్పుడేసేది ఏటో మాకేటి తెలుసు?" అన్నాడు. నేను చెప్పగలిగింది ఒక్కటే. ముందు నాకు వేయించుకుంటాను, చూడండన్నాను. క్యాంపులో అందరి ముందూ పెద్దవాళ్లకు వేసే సూది నా జబ్బకు వేయించుకున్నాను. మొదటి రోజు పదకొండు మంది వచ్చారు. రెండో రోజుకు ముప్పై నాలుగు. ఆఖరి రోజుకు మొత్తం యాభై ఎనిమిది. ఇద్దరిని తీసుకుని వాళ్లవాళ్లు ఒడిశా వైపు పనికి వెళ్లిపోయారు. వాళ్ల కోసం కబురు పంపాం. ఇంకా తెలియలేదు.

సోమలమ్మ ఆఖరి రోజు వచ్చింది. ఆమెకు ఇంకో బిడ్డ ఉంది, అయిదు నెలల చంటిది. నా వైపు చూడకుండా కొత్త నర్సు దగ్గర కూర్చుని సూది వేయించింది. లేచి వెళ్లబోతూ నా ముందు ఆగింది. నేను అంతా చెప్పాను, దుర్గా. సీసా గలగలమన్నదీ చెప్పాను, నువ్వు ఫిబ్రవరి పదో తేదీన చూసిందీ చెప్పాను. పొరలూ హైడ్రోజనూ ఏమీ చెప్పలేదు. తెల్లారగట్ల పెట్టె గడ్డకట్టింది, నాకు అనుమానం వచ్చింది, నా స్నేహితురాలికి తెలుసు, ఇద్దరం నోరు విప్పలేదు అన్నాను. ఆమె బిడ్డను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

"నువ్వు మా ఊరు మూడుపాల్లు నడిసినావు. నీ మొకం నాకు తెలుసు" అంది. "ఆ పెట్టి సేసినమ్మ మొకం నాకు తెలీదు. ఓపాలి రమ్మను. నానేటీ అనను. నా మంగ గుంటని ఎక్కడ పాతిపెట్టినామో సూపిస్తాను."

ఆమె చెప్పమన్నది నీకు చెప్పాను. హైదరాబాద్ నుంచి రైల్లో వచ్చి తునిలో దిగితే నర్సీపట్నానికి బస్సులుంటాయి. అక్కడి నుంచి పొద్దున ఎనిమిదింటికి తుమ్మలగరువు జీపు. మా ఇంట్లో దిగవద్దు. ఇంకా నేను నీకు అన్నం పెట్టలేను. నేరుగా కొండెక్కు. జీపు ఆగేచోటు నుంచి ఆమె ఊరికి రెండు గంటల నడక. దారి నీకు తెలియదు కాబట్టి నేను ముందు నడుస్తాను.

కళ